అలా కాదు

ఆయన పోయిన దగ్గర్నుంచీ అందరూ ఆయన్ని తెగ పొగుడుతున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

జ్ఞాపకార్థ కూడిక రోజున మైకు పట్టుకున్న ప్రతివాళ్ళదీ ఒకటే మాట. తూర్పునీ పడమరనీ కలిపిన మనిషట. కర్ణాటక సంగీతాన్ని అమెరికా కొండల దాకా మోసుకెళ్ళాడట. ఒకాయనైతే ‘గ్లోబల్ మ్యుజీషియన్’ అని మూడుసార్లు అన్నాడు. మాస్టారు వాయిస్తున్నంతసేపూ వెనక కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేది ఈయనే. నేను రెండో వరసలో పెదాలు బిగించుకుని కూర్చున్నాను. నన్నూ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. మాట్లాడితే నిజం చెప్పాల్సి వచ్చేది. ఈ పెద్దమనిషి మూడేళ్ళు నన్ను కాల్చుకు తిన్నాడు, అడిగిన ఒక్క పాట ఒక్కసారైనా తిన్నగా వాయించకుండా వెళ్ళిపోయాడు అని చెప్పాల్సి వచ్చేది. అలాంటి చోట అలాంటివి అనకూడదు కదా. అందుకని ఇక్కడ అంటున్నాను.

మాది అమెరికాలో ఆష్‌బర్న్. మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాలు ఆదివారం రెండింటి నుంచి ఐదింటి దాకా మాది. వాళ్ళ కాఫీ వాసన పోకముందే మా బిర్యానీ ట్రేలు దిగుతాయి. మూడేళ్ళ కిందట అలాంటి ఒక ఆదివారం ఆయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఒక చేతిలో ఫిడేలు పెట్టె, చంకలో చుట్టిన యోగా మ్యాట్. ఆ మ్యాట్ చూసి మా పెద్దల మొహాలు మాడిపోయాయి. ప్రార్థన జరిగే చోటికి యోగా ఏమిటని ఒకాయన పాస్టరుగారి చెవిలో ఊదాడు కూడా. ఆయన ఇవేవీ పట్టించుకోలేదు. కార్పెట్ మీద మ్యాట్ పరిచాడు, బూట్లు విప్పాడు, బాసింపట్టు వేసుకు కూర్చుని ఫిడేలు తలని కుడి పాదం మీద ఆనించాడు. అది ఆయన కూర్చునే చాప, అంతే.

ఆయన కుడి సాక్స్‌కి ఎప్పుడూ ఒకే చోట చిరుగు ఉండేది, ఫిడేలు ఆనే చోట. వాళ్ళావిడ ఎన్ని కొత్త జతలు కొన్నా నెల తిరక్కుండా అక్కడే చిరిగేది. నేనోసారి ఆ మాటంటే, నా సర్టిఫికెట్ ఇదేనమ్మా, గోడకి తగిలించుకోలేను కాబట్టి కాలికి తొడుక్కుంటున్నాను అన్నాడు. పిల్లలు ఆయన్ని ఫిడేలు అంకుల్ అనేవారు. వయొలిన్ అంటే దిద్దేవాడు. మన ఊళ్ళో దీన్ని ఫిడేలంటారు, ఇక్కడ కొండల్లో ముసలాళ్ళూ ఫిడిలే అంటారు, మధ్యలో మీరెవరు వయొలిన్ అనడానికి అని ఆయన వాదన.

మా ఊళ్ళో ఏ పక్కకి తిరిగినా డేటా సెంటర్లే. వాటిలో కంప్యూటర్లని చల్లబరిచే మిషన్ల హోరు పగలూ రాత్రీ ఆగదు. ఆ హోరు భరించలేకపోతున్నామని జనం కౌంటీ మీటింగులకి వెళ్ళి గొడవ పెట్టుకుంటారు. ఈయన మాత్రం ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని ఆ హోరుకే శ్రుతి చేసుకునేవాడు. ‘ఊరికే దొరికిన తంబూరా ఇది, కరెంటు పోయినా ఆగదు’ అనేవాడు. ఎండాకాలంలో అది కాస్త పెరుగుతుందని, దానికి తగ్గట్టు తనూ బిరడాలు బిగిస్తున్నానని ఫోన్ చేసి మరీ చెప్పేవాడు. ఆఫీసు మీటింగులో ఉన్నాను మాస్టారూ అంటే, ఉండు మరి అని ఫోన్ పెట్టకుండా అలాగే వాయించేవాడు.

ఆయన కలపని సంగీతం లేదు. సావేరి ఆలాపన మొదలుపెట్టి నాలుగు మెట్లు ఎక్కేలోపు ఐర్లాండుకి పోయేవాడు. అక్కణ్ణుంచి యూదుల పెళ్ళిపాటకి. తిరిగొచ్చేసరికి మనం బయల్దేరిన చోటు మర్చిపోయి ఉంటాం. కరివేపాకు తెమ్మంటే కాకరపాదు పీక్కొచ్చే రకం. ఇథియోపియా నుంచి వచ్చిన ఒక టాక్సీ డ్రైవరు ఆయనకి ప్రాణస్నేహితుడు. అతని దగ్గర ఒంటి తీగ ఫిడేలు ఒకటుంది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండా గంటలు గంటలు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఇదంతా ఎందుకు మాస్టారూ, మన సంగీతం చాలదా అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: ‘వీణకున్నట్టు ఫిడేలుకి మెట్లు లేవమ్మా. ఎక్కడ వేలు పెట్టినా అది ఏదో ఒక ఊరే.’

నాకు అన్ని ఊళ్ళూ అక్కర్లేదు. నాకు కావల్సింది ఒక్కటే.

మా అమ్మ నరసాపురం దగ్గర మిషన్ స్కూల్లో టీచరు. మా గుళ్ళో క్వయర్ నడిపింది అమ్మే. మా పాత కీర్తనల పుస్తకంలో తుపానులో చిక్కుకున్న దోనె మీద ఒక పాట ఉంది. అమ్మ దాన్ని దోనె పాట అనేది. సాయంత్రం ప్రార్థనలో కళ్ళు మూసుకుని పాడేది. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఒక్క కేసెట్టు లేదు. ఆ పుస్తకంలో మాటలే ఉంటాయి, పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, స్వరాలు ఉండవు. పాట నోటినుంచి నోటికి రావాల్సిందే. ఊరికో వరస. మావాళ్ళు వరసని కూడా రాగమనే అంటారు. ‘ఈ పాటకి మా ఊరి రాగం వేరు’ అంటారు. ఇప్పుడు ఆ పాట మా ఊళ్ళోనే ఎవరికీ రాదు. మిగిలిన ఒకరిద్దరు పెద్దవాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరికి తోచినట్టు వాళ్ళు పాడారు, ఏదీ అమ్మది కాదు. అమ్మ పాడినట్టు ఆ పాట ఒక్కసారి వినాలి. నా కోరిక అంతే.

మొదటి ఆదివారమే ఆయన ఆ పుస్తకం పట్టుకుని అందరి దగ్గరికీ తిరుగుతున్నాడు. ఎవరూ పాడని పాటలు ఏవి, మీ ఊళ్ళో ఎలా పాడేవారు అని అడుగుతున్నాడు. నేను దోనె పాట పేజీ తీసి చూపించాను.

‘ఇది ఏ రాగమండీ?’ అన్నాను.

‘ఆనందభైరవి. పైన రాసుందిగా.’

‘అది కాదండీ. మా అమ్మ రాగం.’

ఆయన నా మొహం కేసి చూశాడు. మీదే ఊరని అడిగాడు. చెప్పాను. మా అమ్మమ్మగారిదీ ఆ పక్కే, విన్నట్టే ఉంది అన్నాడు. నేను కుర్చీ దగ్గరకి లాక్కున్నాను. ఫిడేలు అందుకుని మొదటి ముక్క వాయించాడు. అది ఎక్కడికో పైకి పోయింది.

‘అలా కాదండీ.’

‘మరెలా?’

‘నాకేం తెలుసు. అలా మాత్రం కాదు.’

జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి పుస్తకంలో ఏదో గీసుకున్నాడు. నువ్వు పాడి చూపించు అన్నాడు. పాడనన్నాను. ఎందుకన్నాడు. కొత్తమనిషికి ఎందుకు చెప్పానో తెలీదు గానీ, చెప్పేశాను. పదేళ్ళప్పుడు క్రిస్మస్ క్వయర్‌లో నన్నూ నిలబెట్టారు. రెండో ప్రాక్టీసు అయ్యాక అమ్మ నన్ను పక్కకి పిలిచి, ‘నువ్వు నోరు ఆడించమ్మా చాలు, శబ్దం రానివ్వకు’ అంది. అపశ్రుతి పలుకుతున్నానట. ఆ తరువాత నేను ఎక్కడా గొంతు విప్పలేదు. చర్చిలో ఇప్పటికీ నోరే ఆడిస్తాను. ముప్పై ఏడేళ్ళయినా ఆ మాట నొప్పి తగ్గలేదు.

ఆయన నవ్వలేదు, ఓదార్చనూ లేదు. సరే, పాడకు, విను చాలు అన్నాడు. ఇంతకీ ఏం ఉద్యోగమని అడిగాడు. క్యూఏ, టెస్టింగ్ అన్నాను. అంటే ఏమిటన్నాడు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పడతానన్నాను.

‘సరిగ్గా ఎలా రాయాలో నీకు తెలుసా?’

‘తెలీదు. తప్పయితే తెలుస్తుంది.’

ఆ మాటకి మాత్రం నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకుని పళ్ళెం తీసుకుని బిర్యానీ లైన్లోకి వెళ్ళిపోయాను.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది నా అవస్థ. రెండు శనివారాలకొకసారి పొద్దున్నే మా ఇంటికి వచ్చేవాడు. నేను వంటింట్లో కూరలు తరుగుతుంటే డిష్‌వాషర్ పక్కన మ్యాట్ పరుచుకుని కూర్చునేవాడు. దోనె పాటలో ఒక ముక్క వాయిస్తాడు. నేను వెనక్కి తిరక్కుండానే అలా కాదు మాస్టారూ అంటాను. ఏదో రాసుకుంటాడు. మళ్ళీ వాయిస్తాడు. అలా కాదు. మళ్ళీ. ఒక్కోసారి పోపు మాడిపోతోందనో, నిజంగా చెవికి అడ్డం తగలకో నేనేమీ అనను. అప్పుడూ రాసుకుంటాడు. మా ఆయన హాల్లోంచి, మీ ఇద్దరిదీ కోడ్ రివ్యూనా అని వేళాకోళం చేసేవాడు.

ఒకరి ప్రోగ్రాము ఇంకొకరు దిద్దే రివ్యూ అయితే ఎప్పటికైనా తేలాలి కదా. ఇది తేలేది కాదు. ఒక వారం ఆనందభైరవిలో శుద్ధంగా మొదలుపెట్టి మధ్యలో కొండవాళ్ళ మోత కలిపేవాడు. ఇంకో వారం టాక్సీ స్నేహితుణ్ణి వెంటేసుకొచ్చేవాడు. అతను ఒంటి తీగ మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుడు ఒకటుంది. అది వినగానే నేను కత్తిపీట వదిలేసి, ఇదిగో ఇలాంటిదే, కానీ అంత దూరం జారదు, సగంలో ఆగిపోతుంది అన్నాను. మాస్టారు అతనికి చేత్తో సైగ చేశాడు. అతను సగంలో ఆపాడు. నేను తరగడం మర్చిపోయి అలాగే ఉండిపోయాను. సరే, ఇంక తిన్నగా వాయిస్తాడు కాబోలు అనుకున్నాను. మరుసటి శనివారం మళ్ళీ ఇంకేదో దేశం. విన్నపాటని విన్నట్టు వాయించడానికి ఈయనకి ఏం రోగం అని విసుక్కునేదాన్ని. మొహం మీదే అనేదాన్ని. ఆయన తల ఊపి రాసుకునేవాడు.

ఆయన హైవే మీద డ్రైవ్ చేసేవాడు కాదు. పోయినేడాది ఒకసారి, కొండల్లో ఫిడేలు వాయించేవాళ్ళ కూడిక ఉంది, తీసుకెళ్తావా అని అడిగాడు. రెండు గంటల దారి. చిన్న ఊళ్ళో ఫైర్ స్టేషన్ హాలు, గుండ్రంగా కుర్చీలు, ఫిడేళ్ళు, బాంజోలు. అందరూ కుర్చీల్లో, ఈయన మధ్యలో నేల మీద మ్యాట్ పరుచుకుని. నడుం నొప్పా, కుర్చీ తేవాలా అని ఒకావిడ మూడుసార్లు అడిగింది. భుజాలకి పట్టీలున్న ఓవరాల్స్ వేసుకున్న ముసలాయన ఒకడు ఫిడేలు గుండెలకి ఆనించుకుని, ఏదో పాటకోసం బిరడాలు తిప్పి శ్రుతి మార్చాడు. స, ప, స, ప. మాస్టారు ముందుకి ఒంగి ఆయనతో తెలుగులోనే ‘ఇది మన శ్రుతే’ అన్నాడు. ఆ ముసలాయన అర్థమైనట్టే తలూపాడు.

ఆ తరువాత మాస్టారు దోనె పాట ఎత్తుకున్నాడు. ముసలాయన అందుకున్నాడు. వాళ్ళ వెనక బాంజోలు, గిటార్లు. హాలంతా కాళ్ళతో తాళం. కుర్చీ తేవాలా అని అడిగినావిడ లేచి బూట్లు టకటకలాడిస్తూ అడుగులు వెయ్యడం మొదలుపెట్టింది. మా అమ్మ కళ్ళు మూసుకుని పాడిన పాటకి. నేను లేచి పార్కింగులోకి వెళ్ళి కారులో కూర్చున్నాను.

తిరుగుదారిలో హైవే ఎక్కేదాకా ఆపుకున్నాను. ఆఖరికి అనేశాను.

‘మా అమ్మ పాటని పాడు చేశారు మాస్టారూ మీరు.’

ఆయన కిటికీలోంచి చూస్తూ, ‘మీ అమ్మగారి పాట నా దగ్గర ఉంటే కదమ్మా పాడు చెయ్యడానికి’ అన్నాడు.

వేదాంతం మొదలుపెట్టాడనుకున్నాను. కొంతదూరం పోయాక అడిగాడు: ‘నువ్వు ఏ ముక్క దగ్గర లేచి వెళ్ళిపోయావు?’

కోపంలోనే చెప్పాను. ఆ ముసలాయన కమానుని గట్టిగా అదిమి ఒక్కసారి వదిలేశాడు కదా, అక్కడ. అమ్మ ఆ మాట దగ్గర అలాగే ఊపిరి వదిలేది. అక్కడ ఉండలేకపోయాను. చెప్పి పక్కకి చూస్తే, కదులుతున్న కారులో పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకుంటున్నాడు. ఈ మనిషికి ఏం చెప్పినా దండగ అనిపించింది.

ఆఖరిసారి వచ్చింది ఈ జనవరిలో. మా కంపెనీలో ఉద్యోగాలు తీసేస్తున్నారు. నా టీములో సగం మంది వెళ్ళిపోయారు. మిగతా సగంలో ఇంకా తీసేసేవాళ్ళ జాబితాలో నా పేరుందో లేదో సోమవారం తెలుస్తుందన్నారు. ఆ శనివారం ఆయన వచ్చాడు. రావద్దని మెసేజ్ పెట్టాను, చూసుకోలేదట. దోనె పాట చరణం చివర ‘దరికి’ అనే మాట ఉంది. ఆ పొద్దున ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు. పైకి తీసుకెళ్ళాడు. కిందకి దింపాడు. జార్చాడు. తుంచాడు. ఐర్లాండు, కొండ, ఇథియోపియా అన్నీ అయ్యాయి. అలా కాదు, అలా కాదు అని అన్నన్నిసార్లు అన్నాక నా ఓపిక అయిపోయింది.

‘చాలు మాస్టారూ’ అన్నాను. ‘మీకు ఆ పాట రాదని ఒప్పుకోండి. రానిదాన్ని వచ్చినట్టు ఎన్నాళ్ళు నటిస్తారు?’

ఆయన కమాను దించాడు.

‘రాదమ్మా. నాకెప్పుడూ రాలేదు.’

అలిగాడనుకున్నాను. కాఫీ కలిపాను, తాగలేదు. మ్యాట్ చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు, బూట్లు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. నేను వంగి సాయం చెయ్యలేదు. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. సోమవారం నా పేరు రాలేదు, ఉద్యోగం నిలబడింది. ఆ సంగతి చెప్పడానికైనా ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. మూడు వారాలకి ఆయన గుండె ఆగిపోయింది.

కూడిక అయ్యాక వాళ్ళావిడ నన్ను పక్కకి పిలిచి ఇండియన్ స్టోర్ సంచీ ఒకటి చేతిలో పెట్టింది. అందులో ఆయన కీర్తనల పుస్తకం.

‘ఇది నీదట. పూర్తయ్యాక ఇద్దాం అనేవారు. ఇంక అవదు కదా, తీసుకో’ అంది.

ఇంటికొచ్చి దోనె పాట పేజీ తీశాను. అచ్చు మాటల చుట్టూ ఖాళీ లేకుండా పెన్సిల్ రాతలు. స్వరాలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి. కొట్టేసిన ప్రతిదాని పక్కనా ‘అ.కా.’ అని ఉంది. మొదట తెల్లబోయాను, ఎవరి పేరో అనుకున్నాను. తరువాత తట్టింది. అలా కాదు. నేనన్న ప్రతి అలా కాదూ అక్కడుంది. కొట్టెయ్యని స్వరాల కింద గీత గీసి, పక్కన ఒకే మాట రాశాడు: ‘ఊరుకుంది.’ ఒకచోట ‘టాక్సీ జారుడు, సగమే. ఊరుకుంది.’ ఇంకోచోట అక్షరాలు వంకరపోయి ఉన్నాయి, కారులో రాసినవి: ‘కొండాయన కమాను ఒత్తు. లేచిపోయింది. ఇదే.’

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఆయనకి ఆ పాట రాదు. ఆయన దాన్ని ఎన్నడూ వినలేదు. ‘విన్నట్టే ఉంది’ అన్నాడు కానీ విన్నానని అనలేదు. రోజంతా తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, ఆ ఒక్క మాట పట్టుకోలేకపోయాను. పాడనని మొండికేసిన దాని దగ్గర్నుంచి, తప్పు వాయించి తప్పు వాయించి, మూడేళ్ళపాటు ఒక్కో స్వరం లాక్కున్నాడు. పాట నా దగ్గరే ఉంది. దేశదేశాల తప్పులన్నీ తెచ్చి నా ముందు పోసింది, వాటిలో ఏదో ఒకటి నా చెవికి తగలకుండా పోతుందేమోనని.

ఒక్క మాట చెప్పొచ్చు కదా. చెప్తే నేను నోరు మూసుకునేదాన్ని, నిజమే. నా మొహం ఆయనకి బాగా తెలుసు. నాకు ఇంకా మండేది అందుకే.

నాకు స్వరాలు చదవడం రాదు. తరువాతి ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయించే బ్రదర్‌ని పట్టుకున్నాను. అతను చిన్నప్పుడు సరళీ వరసలు నేర్చుకున్నాడు. ఆరాధన అయ్యాక అందరూ భోజనాల దగ్గర ఉండగా, గీత గీసినవి మాత్రమే వరసగా వాయించమన్నాను. వాయించాడు. కీబోర్డులో జారుడు ఎక్కడొస్తుంది. అయినా మొదటి ముక్కకే అమ్మ మా ఇంటి చావట్లో కూర్చుంది. రెండో ముక్కకి నేను కుర్చీ పట్టుకున్నాను. ఏడ్చాను. బ్రదర్ కంగారుపడి ఆపేస్తే వాయించవయ్యా అని కసిరాను. చరణం చివరిదాకా వచ్చాడు. ఆగాడు.

‘సిస్టర్, ఇక్కడ ఏం లేదు. చివరి వర్డ్‌కి గీత లేదు. అన్నీ కొట్టేసి ఉన్నాయి.’

పుస్తకం లాక్కుని చూశాను. ‘దరికి’ మీద కొట్టేసిన స్వరాలు గుట్టగా ఉన్నాయి. అ.కా., అ.కా., అ.కా. చివర, అదే చేతిరాతతో, ‘చాలంది.’

బ్రదర్ మంచివాడు, నేను ఏదో ఒకటి వేసి ముగించేస్తాను సిస్టర్ అని తియ్యగా ఒకటి వాయించాడు. అలా కాదన్నాను. ఇంకోటి వాయించాడు. అలా కాదన్నాను. మూడోదానికి అతని మొహం ముడుచుకుంది. మీకేం కావాలో మీకే తెలీడం లేదు సిస్టర్ అని కీబోర్డు ఆపేశాడు. తప్పు అతనిది కాదు. నా కోసం తప్పు వాయించే ఓపిక ఎవరికుంటుంది.

బయటికొచ్చి కారెక్కాను. ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆయన ఇంటి వెనక ఉన్న డేటా సెంటర్ ప్రహరీ పక్కన కారాపి, అద్దాలు దించాను. హోరు లోపలికొచ్చింది. ఎండ మొహం మీద పడుతోంది. పుస్తకం ఒళ్ళో ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, ఆ హోరులో శ్రుతి వెతుక్కుని, పదేళ్ళప్పటి నుంచి మూసుకున్న నోరు తెరిచి ఆ చివరి మాట పాడాను.

అలా కాదు.

మళ్ళీ పాడాను.